విహారయాత్ర బస్సుమీదనా, సైకిలుమీదనా?

గడచిన తలిదండ్రుల సమావేశమున, ఈ సంవత్సరపు విహారయాత్రకు తొమ్మిదవ తరగతి విద్యార్థులను విశాఖపట్టణమునకు గొనిపోవలెనని నిశ్చయమైనది. అందు కెవ్వరును అభ్యంతరము చెప్పలేదు. అటుపిమ్మట నేను లేచి, అచ్చట నొక దినము బస్సును విడిచి, పిల్లలను సైకిళ్లమీద విశాఖనుండి భీమునిపట్టణము వఱకు సముద్రపుటొడ్డున గొనిపోయిన బాగుండునని మనవి చేసితిని. సభలో మొదట నవ్వు పుట్టెను. పిదప కొంతసేపు నిశ్శబ్దము. ఆ వెనుక మూడు ప్రశ్నలు వచ్చినవి. "ఎవరైన పడిన బాధ్యు లెవరు?" అని యొకరు. "ఆడపిల్లలు కూడనా?" అని యొకరు. "మాస్టరుగారూ, బస్సునకు సొమ్ము కట్టుచుండగా సైకిలు త్రొక్కుకొనుచు పోవలసిన కర్మ మా పిల్లల కేమి పట్టినది?" అని వెనుక వరుసనుండి యొకరు. అంతలో వేళ మించిపోయినది. జవాబును మన సంచికలో వ్రాయుడని ప్రధానోపాధ్యాయులవారు సెలవిచ్చిరి. కావున, తలిదండ్రులారా, ఆనాడు నోట చెప్పలేకపోయిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాను. విద్యార్థులును చదువవచ్చును, ఇది వారి కాళ్లకు సంబంధించిన విషయమే కదా.

మొదట బస్సు మాట చెప్పెదను. 2024 జనవరిలో అప్పటి తొమ్మిదవ తరగతివారిని అదే తీరమునకు బస్సులో గొనిపోయితిమి. నేనును వారితో నుంటిని. ఒక్క దినములో ఏడు స్థలములు చూపితిమి. ఎక్కుట, పాటలు పాడుట, దిగుట, ఫొటోలు తీసికొనుట, "ఎక్కుడు, ఎక్కుడు, వేళయైనది" అని మేము కేకలు వేయుట, మఱల ఎక్కుట. పిల్లలు సంతోషించిరి, ఆ మాట కాదనను. తిరిగివచ్చిన వారమున భూగోళపు గంటలో, మీరు చూచిన తీరమును జ్ఞాపకమునుండి పటముగా గీయుడని చెప్పితిని. ఇంచుమించు అన్ని కాగితములలోను సున్నలే కనబడినవి. జలాంతర్గామి యొక సున్న, కైలాసగిరి యొక సున్న, ఋషికొండ యొక సున్న. సున్నకును సున్నకును నడుమ తెల్లకాగితము. సముద్రము మీకు ఏ చేతివైపున నుండెనని యడుగగా తరగతి రెండు పక్షములుగా చీలెను. ఒక బాలిక మాత్రము, "పోవునపుడు కుడివైపున, వచ్చునపుడు ఎడమవైపున నుండెనండీ" అని సరిగా చెప్పెను. ఆ బాలికకు బస్సులో కడుపు త్రిప్పుటచేత కిటికీ ప్రక్కను కూర్చుండబెట్టియుంటిమి. తక్కినవారి కా భాగ్యము కలుగలేదు.

ఆ కాగితములు నన్ను చాలదినములు బాధించినవి. తప్పు పిల్లలయందు లేదు. బస్సు మనలను ఒక చోటనుండి మఱియొక చోటికి చేర్చును గాని, ఆ రెంటి నడుమనున్న నేలను మననుండి దాచివేయును. తీర మనునది యొక గీత. గీతను సున్నలుగా తెగగోసి చూపి, తీరమును చూపితిమని మేము సంతోషించితిమి.

ఆ యేడు క్రిస్మస్ సెలవులలో మేము నలుగురు ఉపాధ్యాయులము, ముగ్గురు పురుషులము, గణితము చెప్పు సోదరి యొకరు, సికింద్రాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్సు నెక్కి విశాఖకు పోయితిమి. పిల్లలను అడుగుటకు ముందు మన మొకసారి త్రొక్కి చూడవలెను కదా యని మా తలంపు. అక్కడనే సైకిళ్లు బాడుగకు తీసికొంటిమి. రెండు గేర్లు గలవి, రెండు లేనివి. లేనిదానిని నేనే యెంచుకొంటిని. మన పిల్లలకు ఇండ్లలో నున్నవి అట్టివే.

రామకృష్ణా బీచినుండి భీమునిపట్టణమునకు 30 కిలోమీటర్లకు లోపుగనే యుండును. సూర్యోదయమునకు కొంచెము ముందు బయలుదేరితిమి. ఆ తీరము నైరృతినుండి ఈశాన్యమునకు సాగును గనుక, శీతకాలపు సూర్యుడు మాకు కుడిచేతివైపున సముద్రములోనుండి లేచెను. మన దేశమున బండ్లు రోడ్డునకు ఎడమప్రక్కను పోవును. ఇందుచేత పోవునపుడు మనకును సముద్రమునకును నడుమ రోడ్డు వెడల్పంతయు నుండును. వచ్చునపుడు సముద్రము మన ప్రక్కకే వచ్చును. పోవునపుడు కొండలను, వచ్చునపుడు అలలను చూచుట మేలని మొదటి గంటలోనే తెలిసికొంటిమి. బస్సులోని పిల్లలు దీనిని తెలిసికొనుట యెట్లు?

1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 మొదలు ప్రదర్శనశాలగా ఒడ్డుననే నిలిచియున్న కుర్సురా జలాంతర్గామి ఆ వేళకు ఇంకను తలుపులు తెఱవలేదు. దానిని దాటి పోయితిమి. కైలాసగిరి పాదమున రోడ్డు సముద్రమువైపు ఒరిగి, ఒక చిన్న యెక్కుడు, ఒక చిన్న దిగుడు. తెన్నేటి పార్కువద్ద నిలిచి క్రింది రాళ్లను చూచితిమి. మన మేడ్చలు, శామీర్‌పేట పరిసరములలో ఒకదానిపై నొకటి నిలిచియుండు గుండ్రని బండలు గ్రానైటు రాళ్లు. సుమారు 250 కోట్ల సంవత్సరములనాటివి. అవి కోసిన రొట్టెవలె లోపలను వెలుపలను ఒక్కటే తీరుగా నుండును. తెన్నేటి పార్కు క్రిందనున్న రాయి యట్లు కాదు. దానిలో పొరలు కలవు, వంపులు కలవు, ఇనుప తుప్పు రంగు కలదు, చూచినచో ఎఱ్ఱని గార్నెటు గింజలును కలవు. దీనిని ఖొండలైటు అందురు. తూర్పు కనుమలలో నివసించు ఖోండు జాతివారి పేరున ఈ పేరు వచ్చినది. భూమిలోతున మిక్కిలి వేడికిని ఒత్తిడికిని లోనై మాఱిన రాయి యిది. ఈ రెండు రాళ్లను గూర్చి పదునెనిమిది సంవత్సరములుగా తరగతిలో చెప్పుచున్నాను. రెంటిని చేతితో తడవిన వాడను గాకయే చెప్పుచుంటినని ఆనాడు సిగ్గుపడితిని.

ఋషికొండ దాటిన పిదప ఇసుకలో నల్లని చారలు కనబడినవి. మురికి యనుకొని మా సైన్సు మాస్టరుగారు ముక్కు చిట్లించిరి. గణితము చెప్పు సోదరి తన చేతిసంచి మూతకున్న చిన్న అయస్కాంతమును అందులో దొర్లింపగా, కొన్ని రేణువులు దానిని పట్టుకొని లేచినవి. ఇల్మెనైటు, గార్నెటు మొదలగు బరువైన ఖనిజములు ఆ యిసుకలో కలవు. అల తిరిగిపోవునపుడు తేలికయైన తెల్లయిసుకను వెంట గొనిపోయి, బరువైనదానిని ఒడ్డున విడుచును. అలయే ఇచ్చట చాటయై చెరుగుచున్నది. సైన్సు మాస్టరుగారు అటుతరువాత రెండు మైళ్లవఱకు మాటలాడలేదు. (వారు ఈ సంచికను చదువుదురు. క్షమింతురు గాక.)

తొట్లకొండ మీదికి త్రోవ నిటారుగా నున్నది. మేము సైకిళ్లను నడిపించుకొని యెక్కితిమి; త్రొక్కి యెక్కితిమని చెప్పిన అబద్ధమగును. 1976లో నౌకాదళమువారు విమానమునుండి ఈ ప్రాంతమును పరిశీలించుచుండగా ఈ కొండమీద శిథిలములు కనబడినవట. 1988 మొదలు 1993 వఱకు పురావస్తు శాఖవారు త్రవ్వి, స్తూపములను, విహారపు గదులను, భోజనశాలను వెలికి తీసిరి. శాతవాహనుల సీసపు నాణెములును, రోమను వెండి నాణెములును దొరకినవి. రెండువేల యేండ్ల క్రిందట ఓడలు తిరిగిన సముద్రమునకు ఎదురుగా భిక్షువులు నివసించిన చోటిది. కొండరాతిలో వాననీటికై తొట్లు తొలిచియుండుటచేతనే దీనికి తొట్లకొండ యను పేరు వచ్చినది. ఈ సంగతులన్నియు 2024 జనవరిలో బస్సు దిగిన పిల్లలకును చెప్పియుంటిమి. ఒక్కరును ఆ తొట్ల దగ్గఱ నిలువలేదు. మేము నలుగురమును మాత్రము తిన్నగా వాని దగ్గఱకే పోయి నిలిచితిమి. ఏలయనగా మా సీసాలలో నీరు అయిపోయియుండెను. క్రింద ఎంతవఱకు చూచినను ఉప్పునీరే. ఇంత యెత్తున నివసింపదలచినవానికి మొదట కావలసిన దేమో గొంతు ఎండినవానికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

దిగివచ్చి మంగమారిపేటకు చేరునప్పటికి నా వెనుక చక్రము గాలి పోయినది. అచ్చట ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణ మొకటి కలదు. తక్కినవారు దానిని చూడబోగా నేను చక్రము విప్పుకొని కూర్చుంటిని. వలలు బాగుచేసికొనుచున్న జాలరి వృద్ధుడొకడు వచ్చి, చేపలు కడుగు తొట్టిలో ట్యూబును ముంచి, బుడగ లేచిన చోటును వ్రేలితో అదిమి పట్టి చూపెను. అతికించుచుండగా సంభాషణ సాగినది. "ఏ వూరు బాబూ మీది?" "హైదరాబాదు దగ్గఱ మేడ్చలు, తాతా." "అక్కడ సముద్రం లేదు కదా?" "లేదు. శామీర్‌పేటలో పెద్ద చెఱువున్నది." "అవతలి గట్టు కనపడతాదా?" కనబడునని చెప్పితిని. ఆయన నవ్వి, ఇక దానిని గూర్చి యడుగలేదు. లేచిపోవుచు మాత్రము, "పొద్దెక్కితే గాలి తిరుగుతాది, వచ్చేటప్పుడు చూసుకోండి" అని హెచ్చరించెను. పగటియెండకు నేల నీటికంటె త్వరగా వేడెక్కును. నేలమీది గాలి తేలికయై పైకి లేచును. సముద్రముమీది చల్లగాలి ఆ చోటికి వచ్చును. దీనిని సముద్రపవన మని ఏడవ తరగతివారికి బొమ్మ గీసి చూపుదుము. ఆ వృద్ధుడు ఒక్కమాటలో చెప్పెను. సాయంకాలమున మా మోకాళ్లు దానిని రుజువు పఱచినవి.

ఎఱ్ఱమట్టి దిబ్బలను గూర్చి కొంచెము విరివిగా వ్రాయవలసియున్నది. భీమునిపట్టణము ఇంక కొలది దూరమున్న దనగా రోడ్డుప్రక్క దుమ్ము రంగు మాఱనారంభించెను. మొదట గోధుమరంగు, పిదప ఇటుకరంగు, ఆ పిదప కుంకుమవంటి యెఱుపు. ఈ మాఱుపు బస్సులో నాకు కనబడలేదు. అప్పుడు నేను పిల్లలను లెక్కపెట్టుచుంటిని. సైకిళ్లను రోడ్డుననే విడిచి లోపలికి నడచితిమి. ఇరుప్రక్కల ఎఱ్ఱని గోడలు, వాన కోసిన వంకలు, ఒక వంకలోనుండి మఱియొక వంక. సముద్రపుహోరు క్రమముగా వినబడకపోయినది. ఇది మట్టి యని పేరేగాని ఇసుక. మంచుయుగమున, అనగా సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, భూమిమీది నీరు కొంతభాగము మంచుగడ్డలై నిలిచిపోగా, సముద్రము ఇప్పటికంటె 120 మీటర్లంత క్రిందికి దిగియుండెను. అప్పుడు బయటపడిన సముద్రపు నేలమీది యిసుకను గాలి ఎత్తి తెచ్చి లోపల కుప్పలు పోసెను. ఇసుక రేణువులను కప్పిన ఇనుపతుప్పుచేత కాలక్రమమున అది ఎఱ్ఱనైనది. ఇట్టి తీరపు ఎఱ్ఱయిసుక దిబ్బలు మన దక్షిణాసియాలో తమిళనాటను, సింహళమునను గాక మఱి యెచ్చటను చెప్పుకొనదగినట్టివి లేవు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు దీనిని భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలోను చేరినది. పిల్లలు ఇచ్చటినుండి పిడికెడు ఇసుకయైనను సంచిలో వేసికొనరాదు. బస్సు విహారమున ముగ్గురు సీసాలలో నింపుకొనివచ్చిరి. నేను చూచియు ఊరకుంటిని. అది నా తప్పు.

భీమునిపట్టణము చేరునప్పటికి పదునొకండు గంటలు దాటినది. ఈ యూరికి పురపాలక సంఘము 1861లోనే యేర్పడినది. పదునేడవ శతాబ్దమున హాలెండు దేశపు వర్తకులు వచ్చి ఇచ్చట స్థావర మేర్పఱచుకొనిరి. వారి సమాధులు, గోపురములవంటి కట్టడములతో, ఇప్పటికిని నిలిచియున్నవి. వానిమీది అక్షరములను కొంతసేపు చదువ ప్రయత్నించి విడిచితిమి. ఊరి చివర గోస్తనీ నది సముద్రమున కలియుచున్నది. అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱా గుహలలోనుండి పాఱివచ్చు నదియే యిది. మన పిల్లలు బస్సు విహారమున ముందునాడు బొఱ్ఱా గుహలలో దాని నీటిచప్పుడు వినిరి. మఱునాడు భీమిలిలో దాని నోరు చూచిరి. ఆ రెండును ఒక్క నదియని వారిలో నెవ్వరికిని తెలియదు. మేము చెప్పలేదు. మాకును తోచలేదు.

చేపలపులుసుతో భోజనము చేసి, నీడను కొంత విశ్రమించి, తిరిగి బయలుదేరితిమి. గాలి ఆ వృద్ధుడు చెప్పినట్లే కొంత యెదురుగాను కొంత ప్రక్కగాను వీచెను. పోవునపుడు పాడిన పాట వచ్చునపుడు ఒక్కరును పాడలేదు. పిల్లలను రాకపోకలు రెండును త్రొక్కింపవలెనని బయలుదేరునపుడు నేననుకొంటిని. ఎదురుగాలిలో ఆ యభిప్రాయమును మార్చుకొంటిని. వారికి పోవుట చాలును. తిరుగుప్రయాణమునకు బస్సు రావచ్చును. బస్సుతో నాకు వైరము లేదు.

ఇక ప్రశ్నలకు వత్తును. పడిన బాధ్యు లెవరని యడిగిన పెద్దమనిషి న్యాయముగనే యడిగిరి. ఆ త్రోవ ఆదివారములందును పండుగలందును మోటారుబండ్లతో నిండియుండును; కుఱ్ఱవాండ్రు పందెములు వేసికొని పోవుటయు మేము చూచితిమి. కావున పని దినమున, తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురకముందే చేరవలెను. పిల్లలు ఒకరివెనుక నొకరుగా పోవలెను గాని ఇద్దఱు జంటగా పోరాదు. ముందొక ఉపాధ్యాయుడు, వెనుక నొక ఉపాధ్యాయుడు, ఆ వెనుక నీళ్లతోను మందుపెట్టెతోను ఒక వ్యాను. తలకు హెల్మెటు లేనివారు వ్యానులోనే కూర్చుందురు. సముద్రములో దిగుట యెవ్వరికిని లేదు. ఆ తీరమున లోపలికి లాగు ప్రవాహములు కలవు, ఈత వచ్చినవారిని సైతము అవి విడువవు. ఇన్నియు చేసినను ఒకరి మోకాలు చెక్కుకొనిపోవచ్చును. బాధ్యుడను నేనే. సంతకము చేసి ఇచ్చెదను.

అయినను అదే పెద్దమనిషిని గౌరవముతో నొక్కటి అడుగ సాహసింతును. మన గేటు బయట సాయంకాలము నిలువబడి చూచినచో, పదునైదేండ్ల బాలురు మోటారుసైకిళ్లమీద ఇద్దఱు ముగ్గురుగా ఎక్కి జాతీయ రహదారిమీదికి పోవుట కనబడును. ఆ బండ్లు వారికి ఎవరు కొనియిచ్చిరి? 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రికో సంరక్షకునకో 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్లవఱకు ఖైదును విధింపవచ్చునని నిర్ణయించిరి. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు ఇయ్యరు. సైకిలనగా భయపడి మోటారుసైకిలు తాళపుచెవి చేతికిచ్చు లెక్క నాకు బోధపడలేదు. గణితము చెప్పు సోదరికిని బోధపడలేదు.

ఆ సోదరి మాటయే రెండవ ప్రశ్నకు జవాబు. చిన్ననాట అన్నదమ్ములు సైకిలు నేర్చుకొనుచుండగా, ఆమె ఆ చక్రములకు గాలి కొట్టియిచ్చునదట. ఎక్కుటకు సెలవు లేదు. ముప్పదియాఱవ యేట, తన కుమార్తెకు నేర్పుటకై తాను మొదట నేర్చుకొనెను. భీమిలి త్రోవలో మా నలుగురిలో ఒక్కసారియు దిగి నిలువనిది ఆమెయే, తొట్లకొండ తప్ప. బీహారు ప్రభుత్వమువారు 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లకై సొమ్ము ఇచ్చుట మొదలిడిరి. ఆ పథకమును పరిశోధించిన ఆర్థికవేత్తలు, ఉన్నతపాఠశాలలో తగిన వయసున చేరిన బాలికల సంఖ్య దానివలన 32 శాతము పెరిగినదనియు, ఆ విషయమున బాలబాలికల నడుమనున్న అంతరము 40 శాతము తగ్గినదనియు తేల్చిరి. పాఠశాల దూరముగా నున్న గ్రామములందే ఈ ఫల మధికముగా కనబడినదట. మన పాఠశాలకును అట్టి గ్రామములనుండి బాలికలు వచ్చుచున్నారు. ఆటో రానినాడు వారి హాజరుపట్టీలో ఏ గుఱుతు పడునో నేనెఱుగుదును. ఆడపిల్లలు కూడనా యని యడిగిరి. ఆడపిల్లలకే ముందు అని నా మనవి.

మూడవ ప్రశ్న నాకు మిక్కిలి కష్టముగా తోచినది. అందు కోపము లేదు, లెక్కయు లేదు, చిన్నతన మున్నది. మా తండ్రిగారు ఉపదేశకులుగా నుండి, ఆదివారములలో రెండు మూడు గ్రామములు సైకిలుమీదనే తిరుగుచుండెడివారు. చినిగిన సీటునకు తువ్వాలు చుట్టి, వెనుక నన్ను కూర్చుండబెట్టుకొనెడివారు. త్రోవలో ఏ చేనున ఏ పైరు వేసిరో, ఏ బావి యెండెనో, ఏ యింట జబ్బుగా నున్నారో వారికి తెలిసియుండెను. ఆ సైకిలును చూచి నేను సిగ్గుపడిన కాలమొకటి కలదు. కళాశాలలో చేరినపుడు, మా తండ్రిగారు నన్ను చూడవచ్చినచో, సైకిలును వీథి మలుపున విడిచి రమ్మని చెప్పితిని. వారు అట్లే చేసిరి. ఇప్పుడు మన తరగతిలో నొక బాలుడు నాలుగు కిలోమీటర్లు త్రొక్కి వచ్చి, తన సైకిలును గేటులోపలికి తేక, బయట చెట్టుచాటున పెట్టి నడచి వచ్చుచున్నాడు. కారణ మడిగితిని; చెప్పలేదు. నాకు తెలియును.

మన నగరమునకు పడమట, బాహ్యవలయ రహదారి ప్రక్కను, సౌరఫలకముల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో తెఱవబడినది. కార్లు గలవారు తమ సైకిళ్లను కార్లమీద కట్టుకొని అచ్చటికి పోయి త్రొక్కుచున్నారు. త్రొక్కుట దరిద్రులకే తగునను మాట వారికి తెలియదు కాబోలు. మన మేడ్చలు, శామీర్‌పేటల వైపున, దినదినము త్రొక్కక తప్పని పిల్లలకు అట్టి బాట లేదు. ఈ సంగతిని పాలకులకు మనమందఱము కలిసి వ్రాయవలసియున్నది; ఆ యుత్తరపు ముసాయిదా నా బల్లమీద నున్నది, సంతకములు పెట్టదలచినవారు వచ్చి పెట్టవచ్చును. అంతవఱకు ఆ బాలుని విషయమున నేను చేయగలిగిన దొక్కటియే. భీమిలి త్రోవలో అందఱికంటె ముందు త్రొక్కవలసినవాడు వాడే. ఆ పనిలో వానికి సాటి మన తరగతిలో లేడు. ఈ మాట వానితో ఇంకను చెప్పలేదు. ఇది చదివి తెలిసికొనును.

అభ్యాసము లేక ఎవ్వరిని గొనిపోము. మంగమారిపేట తాత నవ్విన మన శామీర్‌పేట చెఱువే యిందుకు తగిన చోటు. అవతలి గట్టు కనబడును, నిజమే. అయినను గాలి యున్నది, గట్టున్నది, పక్షులున్నవి, ఎక్కుడు దిగుడు త్రోవ యున్నది. రాజీవ్ రహదారిమీద పిల్లలను త్రొక్కింపము. దానిని దాటవలసిన చోట అందఱును దిగి, సైకిళ్లను నడిపించుకొని, ఒక్కసారిగా దాటుదురు. మూడు శనివారములు ఉదయమున ఇట్లు పోయి వత్తుము. మూడింటికిని వచ్చినవారే విశాఖలో సైకిలెక్కుదురు. తక్కినవారికి బస్సు ఉండనే యున్నది. వారిని చిన్నచూపు చూచుట యుండదు. శామీర్‌పేటకు పోయివచ్చినవా రెల్లరును ఆ చెఱువు పటమును జ్ఞాపకమునుండి గీసి నా కియ్యవలెను. సున్నలు ఒప్పుకొనను.

మొదటి అభ్యాసము వచ్చు నెల రెండవ శనివారమున. ఆఱు గంటలకు పాఠశాల గేటు లోపల, చెట్టుక్రింద కాదు, కలిసికొందుము. బ్రేకులు సరిచూచుకొని రావలెను. సైకిలు లేనివారు ముందుగా చెప్పినచో బాడుగకు కుదిర్చెదను. త్రొక్కగల తలిదండ్రులు ఎవరైన తోడు వచ్చినచో సంతోషము. వెనుక వరుసనుండి ప్రశ్న యడిగిన పెద్దమనిషిని ప్రత్యేకముగా ఆహ్వానించుచున్నాను. గాలిపంపును, అతుకుపెట్టెను నేను తెత్తును.